సర్టిఫికెట్లు పంచాం, ఉద్యోగాలేవి?

ప్రశ్న:

అకౌంట్స్ విభాగంలో పదమూడేళ్లు పనిచేశాను. ఎనిమిది నెలల క్రితం మా స్థానిక ప్రభుత్వం నడిపే నైపుణ్య, ఉపాధి సంస్థకు నన్ను హెడ్‌గా వేశారు. ఈ రంగం నాకు పూర్తిగా కొత్త. నెలనెలా రివ్యూలో అడిగేది ఒక్కటే: ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చారు? టార్గెట్ దాటాం, మెచ్చుకున్నారు కూడా. పోయిన నెల ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. మూడు సర్టిఫికెట్లు నా టేబుల్ మీద పెట్టి, "మూడూ మీరిచ్చినవేనమ్మా, ఇప్పుడు నాలుగోది చేయించమంటారా?" అని అడిగింది. సరిగ్గా అదే వారం ఒక ఫ్యాక్టరీ ఓనర్ ఫోన్ చేసి, మనుషులు దొరకడం లేదని విసుక్కున్నాడు. ఆ అబ్బాయిని అక్కడికి పంపాను. నాలుగు రోజులకే వెనక్కి పంపేశారు.

మేం ఇరవై రెండు రకాల కోర్సులు నడుపుతున్నాం. ఏదైనా మార్చబోతే శిక్షణ సంస్థలు ఊరుకోవు. కౌన్సిల్ సభ్యుడొకరు తన ఏరియాలో ఇంకో సెంటర్ పెట్టమని ఒత్తిడి చేస్తున్నారు. ఏడాది ముగిసేలోగా బడ్జెట్ ఖర్చు పెట్టాలి. స్టాఫేమో "ఎప్పుడూ ఇలాగే చేస్తున్నాం మేడమ్" అంటారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

మేడమ్, మీ ఉత్తరం చదివాక ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత పాత బాధ ఒకటి గుర్తొచ్చింది. ఇలాంటి సంస్థల్లోనే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. టేబుల్ మీద సర్టిఫికెట్లు పెట్టి అడిగే తల్లులు నా దగ్గరికీ వచ్చారు. తేడా ఏమిటంటే మీరు ఎనిమిది నెలలకే ఉలిక్కిపడ్డారు. నాకు ఆరేళ్లు పట్టింది.

"ఈ రంగం నాకు కొత్త" అని కాస్త బెరుగ్గా రాశారు. నిజానికి అకౌంట్స్ నుంచి రావడమే మీ బలం. ఇలాంటి సంస్థ ఎటు నడుస్తుందో చెప్పేది గోడ మీద రాసుకున్న ఆశయాలు కాదు, బిల్లు ఎప్పుడు పాస్ అవుతుందన్నదే. మీ శిక్షణ సంస్థలకు డబ్బు ఏ దశలో వెళుతోందో మీరు రాయలేదు గానీ ఊహించగలను. చేరినప్పుడు కొంత, హాజరు పట్టీ చూపించాక కొంత, పరీక్ష అయ్యాక మిగతాది. అంతేనా? అలాగైతే ఆ అబ్బాయి మూడో కోర్సులో చేరడం వాళ్లకు లాభం, అతనికి ఉద్యోగం దొరకడం వాళ్లకు సంబంధం లేని విషయం. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. దేనికి డబ్బిస్తే అది చేసి చూపిస్తున్నారు.

ఈ చిక్కు ఎక్కడైనా ఉన్నదే. అమెరికాలో 1982లో ఉద్యోగ శిక్షణ భాగస్వామ్య చట్టం తెచ్చారు. స్థానిక సంస్థలకు లెక్కలు పెట్టారు: శిక్షణ ముగించి బయటికి వెళ్లేవాళ్లలో ఎంతమంది ఉద్యోగంలో ఉన్నారు, జీతం ఎంత అని. లెక్క దాటిన సంస్థకు అదనంగా నిధులు. వినడానికి బాగానే ఉంది కదా. కానీ శిక్షణ "ముగిసినట్టు" ఎప్పుడు రాయాలన్నది కొంతవరకు సంస్థ చేతిలోనే ఉండేది. దాంతో ఉద్యోగం రానివాళ్ల పేర్లు రిజిస్టర్లోంచి తీయకుండా నానబెట్టి, లెక్కకు అనుకూలమైన నెలలో తీసేసిన సంస్థలున్నాయని తర్వాత పరిశోధకులు పట్టుకున్నారు. ఇంకో సంగతి కూడా తేలింది. శిక్షణ ముగిసే నాటికి కనిపించే అంకెకూ, ఆ మనిషికి ఆ శిక్షణ వల్ల దీర్ఘకాలంలో నిజంగా జరిగిన మేలుకూ పెద్దగా పొంతన లేదు. ఎవరికెలాగూ ఉద్యోగం వస్తుందో వాళ్లనే చేర్చుకుంటే అంకె మెరుస్తుంది, అంతే.

ఆ చట్టం పోయి 1998లో ఒకటి, 2014లో ఇంకొకటి వచ్చాయి. ఇప్పుడున్న 2014 చట్టం కింద మనిషి బయటికెళ్లాక రెండో త్రైమాసికంలో, మళ్లీ నాలుగో త్రైమాసికంలో ఉద్యోగంలో ఉన్నాడా అని చూస్తారు. ఎలాంటివాళ్లను చేర్చుకున్నారన్నదాన్ని బట్టి టార్గెట్‌ను సరిచేసే పద్ధతి కూడా పెట్టారు. చదువు తక్కువ ఉన్నవాళ్లను, ఏళ్లుగా పనిలేనివాళ్లను చేర్చుకున్న సంస్థకు దెబ్బ తగలకూడదని. అదేమీ దోషం లేని పద్ధతి కాదు. అయినా లెక్కను చివరి రోజు నుంచి ఏడాది దూరం జరపాలన్న బుద్ధి అనుభవం మీద వచ్చింది.

మీరు అలాంటి చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. రివ్యూలో మిమ్మల్ని అడిగే ప్రశ్న మీరు మార్చలేరు, కనీసం ఈ ఏడాది. కానీ అడిగినదానికి జవాబు చెప్పి, పక్కన ఇంకో గడి కలిపి చూపించడం మీ చేతిలో పని. "ఇంతమందికి ఇచ్చాం. పోయినేడు ఇదే నెలలో ముగించినవాళ్లలో ఈ రోజుకు ఇంతమంది పనిలో ఉన్నారు." ఎవరూ అడగకపోయినా ప్రతి నెలా అదే గడి అదే చోట పెట్టండి. మూడు నాలుగు నెలలు పోయాక పైవాళ్లే "ఆ రెండో అంకె ఏమైంది?" అంటారు. మొదటిసారి ఆ అంకె సిగ్గుపడేలా ఉంటుంది, అది కూడా చెప్పేస్తున్నాను. అందుకే అడగకముందే మీరే చూపించాలి. ఇంకొకరు తవ్వి తీస్తే అది తప్పవుతుంది. మీరే పెడితే అది మొదలు.

ఆ అంకె కోసం పెద్ద సాఫ్ట్‌వేర్ కొనకండి. ఇద్దరు మనుషులు, రెండు ఫోన్లు చాలు. శిక్షణ ముగిశాక మూడో నెలలో ఒకసారి, ఏడాది నిండాక ఒకసారి ఫోన్ చేసి మూడే ప్రశ్నలు: పనిలో ఉన్నారా, ఎక్కడ, మానేస్తే ఎందుకు మానేశారు. ఈ ఫోన్లు శిక్షణ సంస్థల మనుషులు చేయకూడదు. దొంగచేతికి తాళం ఇచ్చినట్టు అనను గానీ, ఎవరి బిల్లు ఎవరు సరిచూడాలో మీకు నేను చెప్పాలా?

మూడో ప్రశ్న మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా కళ్లు తెరుచుకున్నది అక్కడే. ఒకసారి మేం కుట్టుమిషన్ల మీద ఒక బ్యాచ్‌కు మంచి శిక్షణే ఇచ్చి, ఒక పెద్ద యూనిట్‌లో అందరినీ పెట్టించాం. ఫొటోలు, దండలు. రెండు నెలలు తిరక్కముందే సగానికి పైగా మానేశారు. మీటింగులో అందరం కలిసి తేల్చిన కారణం: "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు." ఒక జూనియర్ అమ్మాయి మాత్రం, మానేసినవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కూర్చుంది. అసలు సంగతి ఏమిటంటే అక్కడ మొదటి జీతం చేతికొచ్చేది నలభై అయిదో రోజున. అప్పటిదాకా గది అద్దె ఎవరు కడతారు, తిండి ఎవరు పెడతారు? అప్పు పుట్టినవాళ్లు ఉండిపోయారు, పుట్టనివాళ్లు ఇంటికెళ్లిపోయారు. ఓపిక ఊసే లేదు. తర్వాత బ్యాచ్‌కు ఓనర్‌తో మాట్లాడి మొదటి నెల వారానికోసారి అడ్వాన్స్ ఇప్పించాం. కోర్సులో ఒక్క పాఠం కూడా మార్చలేదు. మనుషులు నిలిచారు.

అందుకే మీరు పంపిన ఆ అబ్బాయి నాలుగు రోజుల్లో ఎందుకు తిరిగొచ్చాడో తెలియకుండా ఏ కోర్సూ మార్చకండి. పని రాకపోవచ్చు. పని వచ్చినా ఆ మిషన్ ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. సూపర్‌వైజర్ తిట్టి ఉండవచ్చు. రాత్రి షిఫ్ట్ అయ్యాక ఇంటికి చేరే దారి లేకపోవచ్చు. ఒక్కోదానికి మందు వేరు, అందులో ఒకటి రెండింటికే ట్రైనింగ్ మందు.

ఇక ఫ్యాక్టరీ ఓనర్ సంగతి. "మీకు ఎలాంటి నైపుణ్యాలు కావాలి?" అని సర్వే ఫారం పంపడం మన ఆఫీసులకు అలవాటు. దాన్ని హెచ్ఆర్‌లో ఒక ట్రైనీ నింపి పంపుతాడు. కమ్యూనికేషన్, టీమ్‌వర్క్, కంప్యూటర్ పరిజ్ఞానం. ఏ ఊళ్లో ఏ కంపెనీని అడిగినా అవే మూడు. దాని ఆధారంగా కోర్సు పెడితే నేల విడిచి సాము చేసినట్టే. మీరే వెళ్లండి. ఓనర్ గదిలో పది నిమిషాలు మర్యాదకు కూర్చుని, అక్కడి నుంచి లైన్ మీద పని చేయించే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లండి. కోరికలు అడగకండి, జరిగినవి అడగండి. ఈ మూడు నెలల్లో ఎంతమంది మానేశారు? ఏ పని చేసేవాళ్లు? చివరిసారి పెట్టుకున్న మనిషి మీకెలా దొరికాడు? కొత్తవాడు వచ్చిన మొదటి వారంలో పాడు చేసేది ఏమిటి? ఈ నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబులే మీ సిలబస్. కొలత తీయడం రాదు, డ్రాయింగ్ చదవలేడు, మిషన్ ఆగితే ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకుంటాడు... ఇలాంటివి. ఇవి ఏ సర్టిఫికెట్ మీదా ఉండవు.

మనుషులు దొరకడం లేదని అన్న ప్రతి యజమానీ నిజంగా మనుషుల కోసం వెతుకుతున్నట్టు కాదన్నది కూడా గుర్తుపెట్టుకోండి. కొందరికి కావలసింది తక్కువ జీతానికి మనిషి. పక్క యూనిట్ కంటే తక్కువిచ్చి, ఎవరూ నిలవడం లేదని మీ దగ్గర వాపోతారు. అక్కడ మీరు ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చినా చిల్లుకుండలో నీళ్లే. ఆ సంగతి మర్యాదగా, అంకెలతో, మొహం మీదే చెప్పాలి. చెప్పగలిగిన హెడ్‌ను నేను ఇద్దరినే చూశాను. ఇద్దరినీ యజమానులే ఎక్కువ నమ్మారు.

మరి యజమాని నిజంగానే అడుగుతున్నాడని ఎలా తెలుసుకోవాలి? తన చేతి నుంచి ఏదైనా పెట్టమనండి. వారానికి రెండు గంటలు తన మేస్త్రీని పాఠం చెప్పడానికి పంపగలడా? పాత మిషన్ ఒకటి ఇవ్వగలడా? కోర్సు పూర్తి చేసినవాళ్లందరినీ ఇంటర్వ్యూకు పిలుస్తానని కాగితం మీద రాయగలడా? ఏదీ కుదరదన్నవాడికి మర్యాదగా దండం పెట్టి వచ్చేయండి.

జర్మనీ పద్ధతిని అందరూ ఉదాహరణగా చెబుతారు, అక్కడి వృత్తి శిక్షణ చట్టం 1969 నాటిది. దాన్ని మొత్తంగా తెచ్చి నాటుదామని బయలుదేరినవాళ్లు చాలామంది మధ్యలోనే అలిసిపోయారు. పరీక్షలు నిర్వహించే వాణిజ్య మండళ్లు, తరాలుగా అలవాటుపడ్డ కంపెనీలు ఉంటేనే అది నడుస్తుంది. కానీ అందులో ఒక్క ముక్క మీకు పనికొస్తుంది. అక్కడ నేర్చుకునేవాడికి మొదటి రోజే కంపెనీతో ఒప్పందం ఉంటుంది. వారంలో మూడు నాలుగు రోజులు పనిచోట, ఒకటి రెండు రోజులు బడిలో. నేర్పాక చోటు వెతకడం కాదు, చోటు చూసుకున్నాకే నేర్పడం. మీ ఇరవై రెండు కోర్సుల్లో ఒక్కదాన్ని ఇలా తిప్పి చూడండి.

ఒక్కదాన్నే. ఇది గట్టిగా చెబుతున్నాను. అమెరికాలోని శాన్ ఆంటోనియోలో 1990లో ఒక పెద్ద బట్టల ఫ్యాక్టరీ మూతపడి వెయ్యి మందికి పైగా, ఎక్కువగా ఆడవాళ్లు, ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. అప్పటికే అక్కడ ఉన్న శిక్షణ పథకాలు వాళ్లకు అక్కరకు రాలేదు. అక్కడి ప్రజా సంఘాలు కొన్ని ముందు యజమానుల దగ్గరికి వెళ్లాయి. ఏ ఉద్యోగాలకు నిజంగా మనుషులు కావాలో, ఎంత జీతమిస్తారో మాట్లాడుకుని, 1992లో ప్రాజెక్ట్ క్వెస్ట్ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. ఆరోగ్య రంగం లాంటి కొన్నిటినే పట్టుకున్నారు. చిన్న కోర్సులు కావు, నెలల తరబడి చదువు. ఫీజుకు సాయం, ప్రయాణానికి సాయం, వారం వారం కౌన్సిలర్‌తో కూర్చోవడం. చేరినవాళ్లనూ, చేరగోరి లాటరీలో చోటు దక్కనివాళ్లనూ ఏళ్ల తరబడి పోల్చి చూస్తే, చాలా ఏళ్ల తర్వాత కూడా చేరినవాళ్ల సంపాదన ఎక్కువగానే ఉంది. చాలా కార్యక్రమాల ఫలితం అంతకాలం నిలవదు కాబట్టి దీని గురించి ఇంకా మాట్లాడుకుంటున్నారు.

ఇక్కడ మీకో ఇబ్బంది ఉంది. అలాంటి పని తక్కువమందికి, ఎక్కువ ఖర్చుతో జరుగుతుంది. మీ టార్గెట్ ఎక్కువమందిని అడుగుతుంది. అందుకే ఇరవై ఒక్క కోర్సులతో టార్గెట్ నడవనివ్వండి, ఒక్కదాన్ని మాత్రం లోతుగా చేయండి. ఏడాది తర్వాత రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాక, ఏవి మూయాలో ఆ కాగితమే చెబుతుంది. ఒకేసారి పది కోర్సులు మూసేస్తే పది సంస్థలు మీ మీద ఏకమవుతాయి.

ఓపిక పట్టాలని పైవాళ్లకు చెప్పడానికి మీకు ఇంకో ఆధారం ఉంది. కార్డ్, క్లూవే, వెబర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు రెండు వందలకు పైగా పరిశీలనలను ఒకచోట చేర్చి 2018లో ప్రచురించారు. సగటున చూస్తే ఇలాంటి కార్యక్రమాల ప్రభావం మొదటి ఏడాదిలో సున్నాకు దగ్గరగా ఉంటుంది, రెండు మూడేళ్లకు గాని కనిపించదు. నైపుణ్యం పెంచేవాటికి ఇది మరీ నిజం. ఆడవాళ్లకు, ఎక్కువకాలం పనిలేకుండా ఉన్నవాళ్లకు మేలు ఎక్కువ. "మూడు నెలల్లో రిజల్ట్ చూపించండి" అన్నవాళ్ల ముందు ఈ మాట కాగితం మీద ఉంటే బావుంటుంది.

జాబ్ మేళాల గురించి మీరు అడగలేదు. కానీ బడ్జెట్ మిగిలిందంటే ఎవరో ఒకరు మేళా పెడదామంటారు, ఖాయం. ఇథియోపియా రాజధానిలో చదువుకున్న యువతనూ కంపెనీలనూ ఒకచోటికి తెచ్చి, శాస్త్రీయంగా పోలిక పెట్టి చూశారు. వచ్చిన పది కంపెనీలకు సుమారు ఒక్కరికి ఉద్యోగం దొరికింది. యువత ఊహించుకున్న జీతం ఒకటి, కంపెనీలు ఊహించుకున్న మనిషి ఇంకొకరు. అయితే ఆ తర్వాత ఇద్దరూ తమ అంచనాలు సరిచేసుకుని, వెతికే తీరు మార్చుకున్నారట. కాబట్టి మేళా పెడితే పెట్టండి. దాన్ని ఉద్యోగాల లెక్కలో కాకుండా, ఇరువైపులా భ్రమలు తొలగే రోజుగా చూడండి. ఫ్రాన్స్‌లో ఇంకా ఇబ్బందికరమైన సంగతి బయటపడింది. చదువుకున్న నిరుద్యోగ యువతకు ఉద్యోగం వెతకడంలో ప్రత్యేక సాయం చేస్తే వాళ్లకు మేలు జరిగింది గానీ, అందులో కొంత పక్కనే సాయం అందనివాళ్ల అవకాశాలు తగ్గడం వల్ల వచ్చిందే. 2013లో అచ్చయిన ఆ పరిశీలన చదివాక, క్యూలో ఒకరిని ముందుకు జరపడమే మన పనా అని నాకు చాలాకాలం మనసులో కొట్టుకుంది. కొత్తవాడు రాకపోతే ఆగిపోయే పని ఎక్కడుందో అక్కడికి మనిషిని తయారు చేస్తేనే ఆ ప్రశ్నకు కొంతైనా జవాబు.

మరి బడ్జెట్? ఏడాది చివర్లో కొత్త కోర్సులు తెరిచి ఖర్చు చూపించకండి. మీ నిబంధనలు ఒప్పుకునే చోట మిషన్ల రిపేర్లకు, బోధకులను కొన్నాళ్లు పనిచోటికి పంపడానికి, ఉద్యోగంలో చేరినవాళ్లకు మొదటి నెల చేదోడుకు, ఆ రెండు ఫోన్లకు పెట్టండి. శిక్షణ సంస్థలతో ఒప్పందం గడువు తీరినప్పుడు చెల్లింపు దశలు మార్చండి, మధ్యలో వద్దు. కొంత చేరినప్పుడు, కొంత పూర్తయినప్పుడు, చెప్పుకోదగ్గ భాగం మూడో నెలా పన్నెండో నెలా పనిలో ఉన్నప్పుడు. మొత్తం చివరికి నెట్టేస్తే చేతిలో డబ్బున్న పెద్ద సంస్థలే మిగులుతాయి, చిన్నవి చచ్చిపోతాయి. ఆ మిగిలిన పెద్దవి కూడా తేలిగ్గా ఉద్యోగం వచ్చేవాళ్లనే ఏరుకుంటాయి. అందుకే చదువు మధ్యలో ఆపినవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు, పిల్లల తల్లులకు రేటు కాస్త ఎక్కువ పెట్టండి.

సభ్యుడి గారి సెంటర్ విషయం. కాదనకండి, అవుననకండి. "మీ ఏరియాలో మనుషులు తీసుకుంటామని రాసిచ్చే యజమానులను ఇద్దరిని చూపించండి, ఆ పనికి సెంటర్ పెడదాం" అని ఉత్తరం రాయండి. నోటితో కాదు, ఉత్తరం. ఆయన నిజంగా ఇద్దరిని తెస్తే మీకు లాభమే. తేకపోతే ఫైల్లో కాగితం ఉంటుంది.

స్టాఫ్ "ఎప్పుడూ ఇలాగే" అనడం బద్ధకం కాకపోవచ్చు. మీకు ముందు ఎంతమంది హెడ్‌లు వచ్చి, ఏదో మారుస్తామని, ఏడాదిలో బదిలీ అయి వెళ్లారో లెక్క చూడండి. వాళ్లలో ఒకరిద్దరికి ఏ కోర్సు ఉత్తదో, ఏ హాజరు పట్టీ ఇంట్లో కూర్చుని నింపిందో ఎప్పటినుంచో తెలుసు. మీటింగులో అడిగితే చెప్పరు. ఫ్యాక్టరీకి వెళ్లేటప్పుడు ఒక్కొక్కరిని కారులో పక్కన కూర్చోబెట్టుకు వెళ్లండి. దారిలో వాళ్లే చెబుతారు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు కదా. ఆ తల్లి నంబరు మీ ఆఫీసులో ఎక్కడో ఉండే ఉంటుంది. ఈ వారంలోనే ఆ అబ్బాయిని పిలిపించండి. మూడు కోర్సుల్లో రోజూ ఏం చేశాడో, ఏ మిషన్‌ను నిజంగా చేత్తో తాకాడో, ఫ్యాక్టరీలో ఆ నాలుగు రోజులూ ఏం జరిగిందో గంటసేపు చెప్పించుకోండి. క్లర్కును కూర్చోబెట్టకండి, నోట్‌బుక్ మీరే తెరవండి. అతను వెళ్లాక ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి, అవే నాలుగు రోజుల గురించి ఆయనేమంటాడో పక్క పేజీలో రాసుకోండి.